కూలిన ఊళ్ల ముక్కలు

చండీగఢ్ మొదటి సెక్టార్‌లో హైకోర్టు, సచివాలయం, శాసనసభ భవనాలున్నాయి. లె కార్బూజియె రూపకల్పన చేసిన ఆ కాంక్రీటు కట్టడాలకు 2016లో యునెస్కో ప్రపంచ వారసత్వ హోదా వచ్చింది. వాటిని దగ్గరగా చూడాలంటే గుర్తింపు కార్డు చూపించి, గైడు వెంట నడవాలి. వాటి పక్కనే ఉన్న రాక్ గార్డెన్‌కు అలాంటి షరతులేమీ లేవు. నేను వెళ్లేసరికి బడిపిల్లలు, పల్లెల నుంచి వచ్చిన కుటుంబాలు టికెట్ల కోసం బారులు తీరి ఉన్నారు.

లోపల గుమ్మాలన్నీ పొట్టివి. ఈ తోటను సృష్టించిన నేక్‌చంద్ కావాలనే అలా కట్టారు. ఇది దేవతల రాజ్యమని ఆయన భావన. ఎంతటివాళ్లైనా తల వంచే రావాలి.

నేక్‌చంద్ సైనీ 1924లో, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న బరియాన్ కలాన్ అనే ఊళ్లో పుట్టారు. దేశ విభజనతో ఆ కుటుంబం ఊరొదిలి ఇటు వచ్చింది. కొత్త రాజధానిగా చండీగఢ్‌ను కడుతున్న చోట ఆయనకు ప్రజాపనుల శాఖలో రోడ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం దొరికింది. చండీగఢ్ ఖాళీ నేల మీద లేచిన నగరం కాదు. దాని కోసం ఇరవైకి పైగా ఊళ్లను ఖాళీ చేయించి నేలమట్టం చేశారు. ఆ శిథిలాల్లో కుండ పెంకులు, పగిలిన గాజులు, చీనా మట్టి కప్పులు, ఇంటి గోడల రాళ్లు పోగుపడి ఉండేవి. ఒకసారి ఊరు పోగొట్టుకున్న మనిషి, మరొకరి ఊరు పోవడం చూస్తూ ఆ ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఈ తోటకు పునాది అదేనని నాకు అనిపిస్తుంది.

1950ల చివర్లో సుఖ్నా సరస్సు దగ్గరి అడవి వాగులో పని మొదలైంది. అది రక్షిత భూమి, అక్కడ ఏ కట్టడమూ కట్టకూడదు. అందుకే డ్యూటీ అయ్యాక సైకిల్ మీద రాళ్లూ చెత్తా మోసుకొచ్చి, రాత్రిళ్లు టైర్లు కాల్చిన వెలుగులో బొమ్మలు చేసేవారట. పదిహేనేళ్లకు పైగా అధికారులకు తెలియలేదు. తెలిసేనాటికి ఎకరాల కొద్దీ బొమ్మలున్నాయి. చట్టం ప్రకారమైతే కూల్చేయాలి. జనం ఆయన పక్షాన నిలిచారు. 1976లో ప్రభుత్వమే తోటను ప్రారంభించి, ఆయనకు జీతమిచ్చి, యాభై మంది పనివాళ్లను అప్పగించింది. 1984లో పద్మశ్రీ వచ్చింది.

బొమ్మల దగ్గర ఎంతసేపు నిలబడినా తనివి తీరదు. పాత సైకిల్ సీటు ఇక్కడ జంతువు తల అయింది, ఫోర్కు కాళ్లయింది, మడ్‌గార్డు ఆవు కొమ్ములైంది. ఇనుప చట్రానికి సిమెంటు పూసి, పైపొర ఆరకముందే గాజు ముక్కలు అద్దారు. ఒక వరుసలో ఆడబొమ్మల ఒంటి నిండా ఎర్రవి, పచ్చవి, నీలివి గాజులు. పెళ్లిళ్లలో, పండగల్లో వేసుకుని, పగిలాక ఎవరో పారేసినవి. ఒక గోడంతా ఇళ్లలోంచి పీకేసిన పింగాణీ కరెంటు సాకెట్లు, మరో గోడంతా బోర్లించిన కుండలు. పెద్ద జలపాతాల నీటిని పంపులతో పైకి తోడి మళ్లీ మళ్లీ వాడతారు. రాక్ గార్డెన్ కోసం నగరంలో చెత్త సేకరణ కేంద్రాలు కూడా ఏర్పాటయ్యాయి. రీసైక్లింగ్ అనే మాట మన పాఠ్యపుస్తకాల్లోకి రాకముందే ఒక చిన్న ఉద్యోగి దాన్ని ఇంత పెద్ద ఎత్తున చేసి చూపించారు.

నగరం పారేసిన వస్తువులకు ఇక్కడ గౌరవం దక్కింది. నగరాన్ని కట్టిన మనుషులకు మాత్రం దక్కలేదు. చండీగఢ్‌కు రాళ్లు మోసిన కూలీలకు ఆ గొప్ప ప్రణాళికలో చోటు లేదు. వాళ్లు లేబర్ కాలనీల్లోనే బతికారు. వాటిలో ఒకటైన కాలనీ నంబర్ 4ను 2022 మే నెలలో కూల్చేశారు. సర్వే జాబితాలో ఉన్నవాళ్లకు మలోయాలో అద్దె ఫ్లాట్లు ఇచ్చారు, జాబితాకెక్కని వాళ్ల గుడిసెలూ పోయాయి. రాజధానిగా అమరావతిని కడుతున్న మనం ఈ సంగతి శ్రద్ధగా చదువుకోవాలి. భూమి ఇచ్చిన రైతుల గురించి ఎంతో కొంత మాట్లాడుకుంటున్నాం. ఆ భూముల్లో కూలికి పోయినవాళ్ల గురించి, ఇవాళ అక్కడ ఇటుకలు మోస్తున్నవాళ్ల గురించి అంతగా మాట్లాడుకోవడం లేదు.

తోటకూ బుల్డోజర్ల బెడద తప్పలేదు. 1990లో వీఐపీల రోడ్డు కోసం యంత్రాలు వస్తే జనం అడ్డంగా నిలబడి ఆపారు. 1996లో నేక్‌చంద్ విదేశాల్లో ఉండగా దుండగులు బొమ్మలను పగలగొట్టారు. ఆయన 2015 జూన్‌లో కన్నుమూశారు. 2025లో హైకోర్టు వైపు రోడ్డు విస్తరణ, పార్కింగు పేరుతో గోడ కొంత పడగొట్టారు. నగరవాసులు ప్లకార్డులు పట్టుకుని వచ్చినా ఈసారి ఆగలేదు.

కోర్టుకు వచ్చే కార్లకు చోటు కావాలన్నది నిజమే. అది తోట గోడలోంచే తీయాలా అని అడిగిన జనం వైపే నేనుంటాను. ఇంకొక పని కూడా జరగాలి. తోటంతా తిరిగినా, ఈ పెంకులు ఏ ఊళ్లవో చెప్పే పలక నా కంటపడలేదు. కూల్చిన ఊళ్ల పేర్లు ఇప్పటికీ రెవెన్యూ కాగితాల్లో, ముసలివాళ్ల నోళ్లలో దొరుకుతాయి. వాటిని సేకరించి, నేక్‌చంద్‌తో కలిసి పనిచేసిన ఆ యాభై మంది పేర్లతో పాటు, టికెట్ల కిటికీ పక్కన పంజాబీలో, హిందీలో రాయించాలి.