చోడవరం దారిలో కర్ర సత్రం

అనకాపల్లి నుంచి మాడుగుల వెళ్లే బస్సెక్కితే మధ్యలో చోడవరం తగులుతుంది. ఇరువైపులా చెరకు మళ్లు, గట్ల మీద తాటిచెట్లు, ఎదురుగా తూర్పు కనుమలు. 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు అనకాపల్లి జిల్లాలోకి వచ్చింది. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి, పక్కనే గోవాడ చక్కెర ఫ్యాక్టరీ అందరికీ తెలిసినవే. నేను మాత్రం చోడవరాన్ని ముందుగా బండ్ల మజిలీగా చూస్తాను.

మన్యం నుంచి చింతపండు, పసుపు దిగేవి. మైదానం నుంచి ఉప్పు, బట్టలు ఎక్కేవి. ఎద్దులకు నీళ్లు కావాలి, మనిషికి రాత్రి తలదాచుకునే చోటు కావాలి. సత్రం అనేది ఆ అవసరంలోంచే పుట్టింది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీకి వెళ్లి వస్తూ రాసుకున్న యాత్రాచరిత్రలో ఏ ఊళ్లో సత్రముంది, ఏ ఊళ్లో దిగడానికి వసతి ఉంది అన్నది పదే పదే కనిపిస్తుంది. అప్పటి ప్రయాణికుడికి అంతకంటే ముఖ్యమైన సమాచారం లేదు.

విశాఖ నగరంలోని టర్నర్ సత్రం ఒక కలెక్టరు పేరు మోసే పెద్ద భవనం. పల్లెదారి సత్రానికి ఆ హంగు లేదు. మండువా ఇంటి పనితనమే దానిదీ. వీధి వైపు ఎత్తైన అరుగు, దాని మీద కర్ర స్తంభాల వరస, లోపల వాన కురిసే మండువా, వెనక వంటసాల, నుయ్యి. బరువంతా కర్రదే. గోడ అడ్డు మాత్రమే. స్తంభాన్ని మట్టిలో పాతితే చెద పడుతుందని రాతి దిమ్మ మీద నిలబెట్టేవారు. స్తంభం తలమీద దూలం, దూలానికి బెజ్జం, అందులో దూరే స్తంభం కొన, అంటే కుసి, బిగువుకి చెక్క చీల. ఇనుప మేకు అవసరం పెద్దగా పడేది కాదు. కలిగినవారు టేకు, మద్ది తెప్పించేవారు. మిగతావారికి చేలగట్టు మీది ముదురు తాటిచెట్టే దూలమూ, వాసమూ. చేవదేరిన తాటిదూలం ఎంత గట్టిదో కోసిన వడ్రంగిని అడగాలి.

గోడకు గానుగ సున్నం. అందులో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవారు. బెల్లం వండే నేలలో గోడకు కూడా బెల్లం పట్టడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

పైన కుమ్మరి చేసిన నాటు పెంకు. 1865లో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు పెంకుల ఫ్యాక్టరీ పెట్టాక బంగళా పెంకు ఊరూరా పాకింది, నాటు పెంకు వెనకబడింది. తుపాను గాలికి పెంకు లేచిపోతే మళ్లీ నేసుకోవచ్చు, చట్రం నిలిస్తే చాలు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవారికి ఈ మాట వివరించనక్కర్లేదు.

ఒక నిజం దాచకూడదు. చాలా సత్రాల్లో లోపలి పంక్తి కొన్ని కులాలకే. మిగిలినవారికి అరుగు, చెట్టు నీడ. అంటరానివారన్న పేరు పెట్టినవారికి ఆ అరుగు కూడా దక్కలేదు. కట్టడాన్ని మెచ్చుకునేటప్పుడు ఈ సంగతినీ కలిపే చెప్పాలి.

1893-96 మధ్య తూర్పుతీర రైలుమార్గం వచ్చి పెద్దబాట సత్రాలకు గిరాకీ తగ్గించింది. చోడవరానికి రైలు రాలేదు. ఇక్కడ బండ్ల దారిని మార్చింది తర్వాత వచ్చిన బస్సులు, లారీలే.

ఇలాంటి కట్టడాన్ని చంపేది వయసు కాదు, కారే పెంకు. ఒక్క పెంకు జారితే నీరు వాసం తలకు పడుతుంది, అక్కణ్ణుంచి దూలానికి, దూలం నుంచి కుసికి. కుసి కుళ్లాక స్తంభం ఎంత గట్టిదైనా లాభం లేదు. మీ ఊళ్లో కర్ర స్తంభాల సత్రమో, మండువా ఇల్లో మిగిలి ఉంటే మృగశిర కార్తెకు ముందే పెంకు తిరగనేయించండి. కూల్చక తప్పదనుకుంటే, ఒక పెద్ద వడ్రంగిని వెంటబెట్టుకుని కొలతలు తీసి, ఏ కుసి ఏ బెజ్జంలో కూర్చుందో రాసిపెట్టి, అప్పుడు కూల్చండి.