ఎండకోసం ఒక ప్రయాణం

వేసవి ఎండలకు జడిసి కొండప్రాంతాలకు పోయేవారిని అందరూ ఎరుగుదురు. శీతకాలంలో ఎండను వెదుక్కుంటూ రెండువేల కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసిన దంపతులను గూర్చి చెబితే పాఠకులకు వింతగా తోచవచ్చు. ఆ దంపతులం మేమే.

1983లో కేంద్రప్రభుత్వోద్యోగినై నేను ఢిల్లీ చేరినప్పుడు ఈ మహానగరం నాకిచ్చిన మొదటి కానుక చలికాలపు ఎండ. మధ్యాహ్న విరామం కాగానే ఉద్యోగులందరూ కార్యాలయాల నుండి ఇండియా గేటు పరిసరాలలోని పచ్చికబయళ్ళకు చేరేవారు. ఒకచోట చీట్లాట, ఒకచోట వేరుశెనగకాయలు ఒలుచుకుంటూ రాజకీయాలు, మరొకచోట స్త్రీల చేతులలో ఆగకుండా ఆడే అల్లిక సూదులు. అందరి వీపులూ సూర్యుని వైపే. గోదావరి జిల్లా నుండి కొత్తగా కాపురానికి వచ్చిన నా భార్య మేడమీద వడియాలు పెట్టి, రజాయిలు ఆరవేసి, పక్కింటి పంజాబీ గృహిణి వద్ద స్వెట్టరు అల్లడం నేర్చుకున్నది. గురుదక్షిణగా గోంగూర పచ్చడి ఇచ్చింది. ఎండ కాచుకోవడం ఢిల్లీలో ఒక సాంఘికాచారం. దానికి ఖర్చు లేదు. ఎక్కువ తక్కువలు లేవు.

ఆ ఎండ ఎప్పుడు మసకబారిందో తేదీ చెప్పడం కష్టం. శీతకాలంలో చల్లని గాలి బరువెక్కి నేలను అంటిపెట్టుకుని ఉంటుంది. దానిపైన వెచ్చని గాలిపొర మూతవలె కమ్ముకుంటుంది. కుండలో పొగవేసి మూతపెట్టినట్లు, వాహనాల పొగ, కట్టడాల ధూళి, చెత్త తగులబెట్టిన పొగ, కార్తికమాసపు రోజులలో పంజాబు, హర్యానా పొలాలలో కాల్చే వరికొయ్యల పొగ, అన్నీ ఆ మూతక్రింద చిక్కుకుంటాయి. తోసుకుపోవడానికి తగిన గాలి వీచదు. వాయునాణ్యతను కొలిచే సూచిక 50లోపు ఉంటే మంచిదని లెక్క. 400 దాటితే ‘తీవ్రం’. ఢిల్లీలోనూ, పొరుగున ఉన్న నోయిడా, ఘాజియాబాదులలోనూ నవంబరు వచ్చిందంటే ఆ అంకె 400 దాటే రోజులు తక్కువేమీ కాదు.

మయూర విహార్‌లో మా ఇల్లు మూడవ అంతస్తు. రెండేళ్ళ క్రిందట కార్తికమాసంలో ఒకనాటి ఉదయం, పాలు తెచ్చుకుని పైకి వస్తూ నా భార్య రెండవ అంతస్తులోనే మెట్లమీద కూర్చుండిపోయింది. పైకి పిలవడానికి కూడా ఊపిరి చాలలేదు. నేను వెళ్ళి చూసేసరికి పాలపాత్ర ఒడిలో పెట్టుకుని, ఏమీ లేదన్నట్లు చెయ్యి ఊపింది. ఆ చెయ్యి వణుకుతున్నది. వైద్యుడు పరీక్షలు చేసి, మందులు వ్రాసి, “వీలైతే మాఘమాసం వరకు ఈమెను ఈ గాలికి దూరంగా ఉంచండి” అన్నాడు.

ఈ సలహా కొత్తది కాదు. ఊపిరితిత్తుల జబ్బుతో బాధపడుతున్న స్కాట్లండు రచయిత టోబియాస్ స్మాలెట్ 1763లో ఫ్రాన్సు దక్షిణతీరాన ఉన్న నీస్ నగరం చేరుకున్నాడు. అక్కడి సూర్యకాంతిని గూర్చి 1766లో అతడు ప్రచురించిన యాత్రాగ్రంథం చదివి, మంచులో, పొగలో మగ్గే ఆంగ్లేయులు ఎందరో ఆ దారి పట్టారు. వారు చలికాలంలో విహరించడానికి 1820 ప్రాంతంలో సముద్రం ఒడ్డున వేసిన బాట నేటికీ ‘ఆంగ్లేయుల విహారమార్గం’ అనే అర్థం వచ్చే పేరుతోనే ఉన్నది. ప్రఖ్యాత చిత్రకారుడు హెన్రీ మాతిస్ శ్వాసనాళాల వ్యాధితో 1917 డిసెంబరులో నీస్ వచ్చాడు. కొద్దిరోజులు ఉండి పోదామని వచ్చినవాడు ఆ వెలుగుకు లొంగిపోయి, 1954లో ఆ నగరంలోనే కన్నుమూశాడు. శీతకాల విశ్రాంతినగరంగా నీస్‌ను 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చింది.

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. జనవరి నెలలో నీస్ పగటి ఉష్ణోగ్రత సగటున 13 డిగ్రీలు, ఢిల్లీలో 20. అంటే ఎండకోసం లోకమంతా ఎగబడిన నగరంకన్న మన రాజధాని పగటివేళ వెచ్చగా ఉండవలసిన మాట! మమ్మల్ని ఢిల్లీ నుండి తరిమినది చలి కాదు. ఇంటి ముంగిటికి వచ్చిన ఎండను మనమే పొగతో కప్పివేసుకున్నాము.

నీస్ పోయే స్తోమత మాకు లేదు. మాకున్నది భీమునిపట్నం. పుష్యమాసారంభంలో ఒక రాత్రి విశాఖపట్నం రైలెక్కాము. మరునాడు నాగపూరు దాటేవేళకు పొగమంచు లేదు. కిటికీలోంచి పడిన ఎండను నా భార్య అరచేతులలో పట్టుకుని కూర్చున్నది. ఆ మరునాడు తెల్లవారకముందే గోదావరి వంతెన చప్పుడుకు లేచి, అద్దం వెనుకనుండే చేతులు జోడించింది.

విశాఖకు సుమారు 25 కిలోమీటర్ల దూరాన, గోస్తనీనది సముద్రంలో కలిసేచోట ఉన్నది భీమిలి. ఒకప్పుడు డచ్చివారు వర్తకం చేసిన రేవు. వారి సమాధులు నేటికీ ఉన్నాయి. సముద్రానికి దగ్గరలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాము. పగలు సముద్రం నుండి నేలకు, రాత్రి నేలనుండి సముద్రానికి గాలి వీచడం తీరప్రాంతాల సహజధర్మం. గాలి నిలవ ఉండదు. అయితే విశాఖలో రేవు ధూళి, కర్మాగారాల పొగ లేవనుకోవడం పొరపాటు. ఆ నగరవాసులు కూడా దానిని గూర్చి ఆందోళన పడుతూనే ఉన్నారు. భీమిలి కొంత ఎడంగా ఉండడం మా అదృష్టం.

మొదటినాడు ఆమె నాలుగు ఇళ్ళు దాటి నడవలేకపోయింది. వారం గడిచేసరికి, పడవలు ఒడ్డుకు చేరే వేళకు తానే ముందు నడిచి జాలరి స్త్రీలతో చేపల బేరాలు చూసి వినోదించేది; మేము శాకాహారులమని తెలిసి వారు నవ్వేవారు. నాలుగవ వారంలో తొట్లకొండ వెళ్ళాము. 1976లో నౌకాదళంవారు సర్వే జరుపుతుండగా బయటపడిన బౌద్ధారామం అది. రాతిలో తొలిచిన నీటితొట్లవల్ల కొండకు ఆ పేరు వచ్చింది. రెండువేల ఏళ్ళనాడు భిక్షువులు నివసించిన ఆ కొండమీదికి చివరి ఎత్తు నా భార్య ఎక్కడా ఆగకుండా ఎక్కింది. పైన నిలబడి, ఎదుట సముద్రం చూస్తూ, “ఏమండీ, నాకు ఆయాసం రాలేదు” అన్నది. నాకు మాట పెగలలేదు.

ఆ రాత్రి నేను అన్నాను: “ఇక్కడే ఉండిపోదామా? పింఛను ఎక్కడైనా వస్తుంది.”

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “మనం ఉండిపోవచ్చు. మరి పసివాడో? వాడు పీల్చేదీ ఆ గాలే కదండీ” అన్నది.

నోయిడాలో ఉన్న మా మనుమనికి ఆరేళ్ళు. చలికాలపు ఉదయాలలో ముఖానికి మందు పీల్చే గొట్టం పెట్టుకుని, బడికి వేళవుతున్నదని కాళ్ళు ఊపుతూ కూర్చుంటాడు. మా వీధి వేపచెట్టుక్రింద ఇస్త్రీ చేసే మనిషి కూడా నాకు జ్ఞాపకం వచ్చాడు. అతనికి ఏ వైద్యుడు ఊరు మారమని చెప్పగలడు? వైద్యుని సలహా మంచిదే. కాని అది టిక్కెట్టు కొనగలవారికి మాత్రమే పనికివచ్చే సలహా.

మాఘమాసం చివర ఢిల్లీ తిరిగివచ్చాము. పొగ తగ్గి, ఆకాశం తేరుకున్నది. ఆదివారం మధ్యాహ్నం మేడమీద చాప వేసుకుని కూర్చున్నాము. మనుమడు నారింజతొనలు ఒలుచుకుంటూ, “బామ్మా, ఎండ ఎంత బాగుందో!” అన్నాడు. ఇది ఒకప్పుడు మాకు చలికాలమంతా దొరికిన ఎండే.

ఇది తిరిగిరాదని నేను అనుకోను. 1998లో సుప్రీంకోర్టు ఆదేశించాక, 2002 చివరికి ఈ నగరంలోని బస్సులన్నీ సి.ఎన్.జి. ఇంధనానికి మారడం నేను కళ్ళారా చూశాను. అది సాధ్యం కాదని అప్పుడు వాదించినవారు ఎందరో ఉన్నారు. ఒక్క బస్సులతో తీరే సమస్య కాదని తరువాత తెలిసింది. అయినా పట్టుపడితే జరుగుతుందని కూడా తెలిసింది.

అంతవరకు మా ఏర్పాటు మాకు తప్పదు. రాబోయే పుష్యమాసానికి రెండు టిక్కెట్లు కొన్నాను. మూడవది కొందామంటే, మనుమని బడికి అన్నిరోజుల సెలవు లేదు.