గోదావరి యొడ్డున ఇఱుకైన యూరు

ఖమ్మమునుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా మేము భద్రాచలమునకు బోయితిమి. బొగ్గుగనులు, విద్యుత్కేంద్రము, సారపాక కాగితపు కర్మాగారము దాటినపిదప గోదావరి కానవచ్చును. వంతెన కావలనున్న పట్టణమునకు పెరుగుటకు చోటు లేదు. ఒకవంక నది, తక్కినవంకల గ్రామములు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో చేరిపోయెను. చెత్త వేయుటకైనను తావు కఱవయ్యెను. ఇండ్లు లోతట్టునకు దిగినవి. 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3 అడుగులు పొంగిన గోదావరి ఆ వాడలనే ముందు ముంచినది.

వరదవేళ బడులే నిరాశ్రయుల బసలగును, చదువు నిలిచిపోవును. ఇంట కోయభాష మాటాడి, బడిలో తెలుగు నేర్చుకొను బాలికకు తప్పిన దినములు పూడ్చుకొనుట సులభము కాదు.

సోదరీమణులారా! శ్రీరామనవమికి కల్యాణము చూడబోవు మనము విస్తళ్లను, సంచులను ఆ యూర విడిచి రాకుందము. మెరకనేలను బడికి కట్టడములు కావలెనని పాలకులను అడుగుదము.