కొండ మీది మాట

పర్లాకిమిడిలో ఉండే తెలుగువాళ్ళం గిడుగు రామమూర్తి పంతులుగారిని తలుచుకుంటే వ్యావహారిక భాష గురించే మాట్లాడుకుంటాం. ఆగస్టు 29న పటానికి దండ వేస్తాం, ఉపన్యాసాలు వింటాం. ఆయన సవర భాషకు చేసిన సేవ ఆ ఉపన్యాసాల్లో ఒక్క వాక్యంతో సరి. ఆ ఒక్క వాక్యం వెంట పడి నేను పదేళ్ళుగా సవర నేర్చుకుంటున్నాను.

పంతులుగారు 1880లో ఇక్కడ బడిలో ఉపాధ్యాయుడిగా చేరారు. తెలుగు, సవర రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష పట్టారు. కొండలు ఎక్కి తిరిగారు. మలేరియాకు వాడిన క్వినైను ఆయన వినికిడిని తినేసింది. అయినా 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. రాత ఎరగని భాషకు కూడా కట్టుదిట్టమైన వ్యాకరణం ఉంటుందని చెవులారా విన్న మనిషి, జనం మాట్లాడే తెలుగు తప్పుల తడక అంటే ఊరుకుంటారా? ఆయన తెలుగు కోసం చేసిన పోరాటానికి బలం ఈ కొండల్లోనే దొరికిందని నా నమ్మకం.

సవర మన తెలుగుకు చుట్టం కాదు. ముండా కుటుంబంలోది. సంతాలీకి దగ్గర, కంబోడియావాళ్ళ ఖ్మేరుకు దూరపు బంధువు. మనం రెండు మూడు మాటల్లో చెప్పేదాన్ని వాళ్ళు నామాన్ని క్రియలోనే ఇమిడ్చి ఒక్క మాటగా అనేస్తారు. లెక్క మరీ ముచ్చటైనది. పన్నెండు దాకా ఎంచాక, పదమూడుకు పన్నెండు-ఒకటి అంటారు. ముప్పై మూడంటే ఇరవై-పన్నెండు-ఒకటి.

ఈ లెక్క నాకు చెప్పింది సంతలో అడ్డాకుల కట్టలు అమ్మే ఒక ముసలమ్మ. ఆవిడ బేరం తెలుగులో ఆడుతుంది, కట్టలు సవరలో ఎంచుతుంది. సవరల్లో చనిపోయినవాళ్ళు పూజారిణి నోట పలుకుతారు. ఇంటివాళ్ళు చుట్టూ కూర్చుని వాళ్ళతో మాట్లాడతారు, దెబ్బలాడతారు, ఏడుస్తారు. అది మంత్రం కాదు, సంభాషణ. ఇప్పుడు చాలా ఊళ్ళలో మతం మారినవాళ్ళు ఆ ఆచారం మానేశారు. ముసలమ్మ మనవడు హాస్టల్లో ఒడియా చదువుతున్నాడు. సవర అర్థమవుతుంది గాని బదులు చెప్పడు. “నేను పోయాక ఆడితో ఏ బాసలో మాటాడాల బాబూ? నాకు ఒడియా రాదు గదా” అంది. భాష పోతే ఏం పోతుందని అడిగేవాళ్ళకు నేను ఈ మాటే చెబుతుంటాను.

1936 మనకు గుర్తున్న ఏడాది. ఏప్రిల్ 1న పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. మనసు విరిగి పంతులుగారు రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం ఇటా అటా అని తగవులాడుకున్న ఆ ఏడాదే మంగేయి గొమాంగో తన సవరలకు సొంత లిపి తయారుచేశారు. ఆ సంగతి మన చరిత్రల్లో ఉండదు. ఈనాడు అదే సవరను ఒడిశాలో ఒడియా లిపిలోను, ఆంధ్రలో తెలుగు లిపిలోను, కొందరు క్రైస్తవులు రోమను లిపిలోను, కొందరు గొమాంగో లిపిలోను రాస్తున్నారు. 2011 జనాభా లెక్కల్లో నాలుగు లక్షలు దాటిన జనం, ఒకరి ఉత్తరం ఒకరు చదువుకోలేని స్థితి.

సరిహద్దు తెలుగువాళ్ళకు ఒక బాధ ఉంది. మన పిల్లలకు తెలుగు చెప్పే బడులు తగ్గిపోతున్నాయని అర్జీలు పెడుతూనే ఉన్నాం. ఆ బాధ న్యాయమైనదే. అయితే సవర పిల్లవాడికి ఒడియా ఎంత పరాయిదో తెలుగూ అంతే పరాయిది. వాడి ముందు మనమూ పెద్ద భాషవాళ్ళమే. ఒడిశాలో 2007 నుంచి కొన్ని బడుల్లో మొదటి తరగతులు సవరలో చెబుతున్నారు. అంతకు ఎన్నో ఏళ్ళ ముందే పంతులుగారు సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించారు.

ఈసారి తెలుగు బడి కోసం అర్జీ రాసేటప్పుడు సవర బడి కోసం ఒక వాక్యం చేర్చుదాం. పంతులుగారి పటానికి వేసే దండ కంటే ఆయనకు అదే ఎక్కువ ఇష్టమవుతుంది. మన అడుగుడుకు అప్పుడే నిండుదనం వస్తుంది.