రచనకు ముందు శ్రవణం

శ్రీ గురుభ్యో నమః.

గత కార్తికమాసంలో ఒక సాయంకాలం దీపారాధన ముగిసిన అనంతరం పాతికేళ్ల యువకుడొకడు ఆలయ మంటపంలో నా కోసం వేచి ఉన్నాడు. అతనికి నగరంలో ఉద్యోగం. నివాసం మా కొండకల్ సమీపంలో కొత్తగా వెలసిన ఇళ్లలో. నెల రోజులుగా భాగవత ప్రవచనానికి వచ్చి వెనుక స్తంభం దగ్గర కూర్చునేవాడు. "అయ్యగారూ, నాకు కథలు రాయాలని ఉంది. చాలా పుస్తకాలు చదివాను. తీరా రాయబోతే అన్నీ ఎవరో చెప్పినవే అనిపిస్తాయి. మన పురాణాల్లో నాలాంటివాడికి ఏదైనా దారి ఉందా?" అని అడిగాడు.

ఆ క్షణాన నేను సమాధానం చెప్పలేదు. తీర్థప్రసాదాలిచ్చి, మరొక దినం రమ్మని పంపాను. సమాధానం తెలియక కాదు. అది చెప్పాలంటే ముందుగా నా అపరాధమొకటి చెప్పవలసి ఉన్నది. ఆ యువకునికి ముఖాముఖి చెప్పలేకపోయిన ఆ విషయాన్ని ఈ వ్యాసంలో నివేదిస్తున్నాను. రచనాభిలాష కలిగిన సాధకులకు కొంతైనా ఉపకరించవచ్చు.

ఎనిమిదవ ఏట ఉపనయనం కాగానే నాన్నగారు నన్ను వేదపాఠశాలలో చేర్పించారు. కృష్ణయజుర్వేద తైత్తిరీయ శాఖ మాది. గురువుగారు ఒక్కసారి చెబితే శిష్యులం రెండుసార్లు పలకాలి. దానిని సంత చెప్పుకోవడమంటారు. తెల్లవారుజామున మొదలైన ఆ సంతలో ఒక్క స్వరం తప్పినా పనస మొదటికి వచ్చేది. ఆ రోజుల్లో గురువుగారు మాకు త్వష్ట కథ చెప్పారు. తన కుమారుని చంపిన ఇంద్రుని మీద కోపంతో, ఇంద్రుని సంహరించగల పుత్రుని కోరి త్వష్ట హోమం చేశాడు. మంత్రంలో ఉదాత్తం ఉండవలసిన చోట ఉండలేదు. 'ఇంద్రుని చంపేవాడు' అన్న అర్థం తిరగబడి 'ఇంద్రుని చేత చచ్చేవాడు' అయినది. అలా పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతనే హతుడైనాడు. ఒక్క స్వరం తారుమారైతే ఇంత అనర్థమా అని ఆ రాత్రి భయంతో నిద్రపట్టలేదు.

ఇంటికి వచ్చిన సెలవుదినాలలో మాత్రం వేరొక లోకం. రామాలయంలో నాన్నగారు పోతన భాగవతం చదివి అర్థం చెప్పేవారు. పొలం పనులు ముగించుకుని, కాళ్లు కడుక్కుని వచ్చిన రైతులు మంటపమంతా నిండేవారు. గజేంద్రుడు మొర పెట్టే ఘట్టం వచ్చిందంటే చుట్టలు ఆరిపోయేవి, పసిపిల్లల ఏడుపు ఆగేది. వేదం నాకు అక్షరం పట్ల భయాన్ని నేర్పితే, పురాణం అక్షరానికి ఉన్న శక్తిని చూపింది. ఏనాటికైనా ఒక గ్రంథం రాయాలన్న కోరిక నాలో అప్పుడే నాటుకున్నది. నిత్యార్చనలో, సంసారంలో పడి ముప్పై ఏళ్లు అది మాటున ఉండిపోయింది.

ఇటీవలి సంవత్సరాలలో మా ప్రాంతం రూపురేఖలు ఎంత మారాయో ఇక్కడి వారికి తెలుసు. 2023లో మా ఊళ్లో రైలు పెట్టెల కర్మాగారం ప్రారంభమైనది. శంకర్‌పల్లి దారి పొడుగునా జొన్న, కూరగాయలు పండిన నేలలో హద్దురాళ్లు మొలిచాయి. ఆ దినాలలోనే ఒక పెద్దమనిషి ఆలయ దర్శనానికి వచ్చారు. గోపురం కట్టిస్తానన్నారు, ప్రాకారం కట్టిస్తానన్నారు. వెళ్లేముందు, "పంతులుగారూ, ఇంత చక్కటి క్షేత్రానికి స్థలపురాణం లేకపోవడమేమిటి? మీరు పండితులు, ఒకటి రాయండి. అచ్చు వేయించే భారం నాది" అన్నారు.

ముప్పై ఏళ్ల నాటి కోరిక ఆ మాటతో ఒళ్లు విరుచుకుని లేచింది. పదకొండు రోజులలో రాశాను. పూర్వం ఒక మహర్షి ఇచ్చట తపస్సు చేసినట్లు, సీతాన్వేషణ వేళ శ్రీరాముడు ఆయనకు దర్శనమిచ్చినట్లు, ఆ మహర్షి ప్రార్థనచే స్వామి ఇక్కడ స్వయంభువుగా వెలసినట్లు కల్పించాను. ఏ పురాణంలోనూ లేని ఈ కథకు పురాణభాష తొడిగాను. స్వరం తప్పితే అనర్థమని వణికిన బాలుడే, పెరిగి పెద్దవాడై, కథనే తప్పుగా పలికాడు. ఆ పదకొండు రోజులూ నాకు ఆ సంగతి తట్టనైనా లేదు. నా వాక్యాల సొగసుకు నేనే మురిసిపోయాను.

శ్రీరామనవమినాడు కల్యాణం తరువాత ఆ పుస్తకాన్ని సభలో చదివాను. చప్పట్లు మోగాయి, శాలువా కప్పారు. జనం వెళ్లిపోయాక ఎనభై ఏళ్లు దాటిన ఒక ముసలమ్మ కర్ర ఊతగా దగ్గరకు వచ్చింది. నా చిన్ననాటి నుండి ప్రతి శనివారం దీపం పెట్టడానికి వచ్చే తల్లి ఆమె.

"అయ్యగారూ, మంచిగ చదివిన్రు. గని ఆ ముని ఎవరో నాకు ఎరుకలేదు. మా తాత బండి కట్టి ఈ గుడికి రాళ్లు తోలిండని మా అవ్వ చెప్పేది. కరువు ఏడు. ఒక ఎద్దు దారిలనే పానం ఇడిసిందట. మరి గా ముచ్చట అబద్ధమా?"

ఆ స్వరంలో కోపం లేదు, ఆక్షేపణ లేదు. అచ్చులో వచ్చినది, అయ్యగారు చదివినది నిజమై ఉంటుందని నమ్మి, తన అవ్వ మాటను సందేహిస్తూ అడిగింది. "లేదమ్మా, అదే నిజం" అని నేను వెంటనే అనవలసినది. నోరు పెగలలేదు. "తరువాత మాట్లాడుకుందామమ్మా" అన్నాను. ఆమె మెల్లగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ రాత్రి భాగవతం ప్రథమస్కంధం తెరిచాను. వేదాలను విభజించి, వేదాధ్యయనానికి నోచుకోని వారి కోసం మహాభారతాన్ని రచించిన తరువాత కూడా వ్యాసభగవానుని మనసుకు శాంతి లేకపోయినది. సరస్వతీ తీరంలో ఖిన్నుడై కూర్చున్నాడు. అప్పుడు నారదమహర్షి వచ్చి కారణం చెప్పాడు. ఈ ఘట్టాన్ని నేను వందసార్లు ప్రవచించి ఉంటాను. అయినా ఆ రాత్రే మొదటిసారి విన్నాను.

నారదుని మాటలలో ఒకటి నన్ను పట్టుకున్నది. స్వభావం చేతనే భోగాసక్తులైన జనులకు ధర్మం పేరిట ఆ భోగాన్నే విధించడం పెద్ద అతిక్రమణమని ఆయన వ్యాసునితో అంటాడు. పెద్దలు చెప్పారు కనుక ఇదే ధర్మమని వారు నమ్ముతారు. పిమ్మట ఎవరు వారించినా వినరు. సాక్షాత్తు వ్యాసుని విషయంలోనే ఇంత జాగ్రత్త అవసరమైతే నా వంటివాని సంగతి ఏమి చెప్పాలి? భూమి ధర పెరగడానికి ఒక మహర్షిని పుట్టించాను. గర్భగుడి ముందు నిలబడి చదివాను కనుక జనం నమ్మారు. అర్చకుని నోట వచ్చిన మాటకు విలువ అతని పాండిత్యం వలన రాలేదు, అతని వెనుక ఉన్న స్వామి వలన వచ్చినది. ఆ విలువను నేను ఖర్చు చేశాను.

ఆ తరువాత నారదుడు తన పూర్వజన్మ కథ చెబుతాడు. ఆయన అప్పుడు మహర్షి కాదు. వేదవేత్తల ఇంట పనిచేసే దాసి కుమారుడు. వర్షాకాలం నాలుగు నెలలు ఒకచోట ఉండిపోయిన సాధువులకు ఆ బాలుడు పరిచర్య చేశాడు. వారు అనుగ్రహించిన ఉచ్ఛిష్టం తిన్నాడు. వారు పాడే కృష్ణకథలను అనుదినం విన్నాడు. ఒక రాత్రి ఆవు పాలు పితకడానికి వెళ్లిన తల్లి పాముకాటుకు మరణించింది. ఐదేళ్ల బాలుడు ఒంటరిగా ఉత్తరదిశకు నడిచి, రావిచెట్టు కింద కూర్చుని, విన్నదానినే ధ్యానించాడు. వ్యాసునికి కావ్యోపదేశం చేసిన గురువుకు ఉన్న మొదటి అర్హత వినడం. నవవిధ భక్తులలో శ్రవణాన్ని ముందు చెప్పడం ఊరక జరగలేదు. నైమిశారణ్యంలో శౌనకాదులు అడగనిదే సూతుడు చెప్పలేదు. ఏడు దినాలలో మరణించనున్న పరీక్షిత్తు అడిగాడు కనుకనే శుకుడు చెప్పాడు. ఇన్నేళ్లుగా నేను చెబుతుంటే ఊరు విన్నది. ఊరు చెబుతుంటే నేను ఒక్కనాడైనా విన్నానా?

ఇక్కడ ఒక శంక కలుగుతుంది. నాకూ కలిగినది. పోతన కల్పించలేదా? గజేంద్రమోక్షం సంస్కృత మూలంలో స్వామి చక్రాయుధుడై గరుడారూఢుడై వస్తాడు. లక్ష్మీదేవికైనా చెప్పకుండా పరుగున బయలుదేరిన ఆ సంభ్రమం పోతన భావన. కల్పన దోషమైతే తెలుగువారి హృదయాలలో ఐదు వందల ఏళ్లకు పైగా నిలిచిన ఆ ఘట్టం కూడా దోషమే కావాలి.

చాలాకాలం మథనపడ్డాను. మొయినాబాదు నుండి చేవెళ్ల వరకు బీజాపూరు రహదారికి ఇరువైపులా ఉన్న మర్రిచెట్లను పాఠకులలో చాలామంది చూసే ఉంటారు. ఆ దారిన వెళుతుండగా నాకు సమాధానం దొరికినది. మర్రి ఊడ పైనుండి దిగుతుంది. విత్తనం నాటినప్పుడు అది లేదు. అయినా నేలను తాకి వేళ్లూనితే అదీ ఒక మాను అవుతుంది, ముసలి చెట్టును మోస్తుంది. పోతన కల్పన అట్టిది. భక్తుని ఆర్తికి భగవంతుడు ఆగలేడన్నది మూలంలోని సత్యమే. పోతన ఊడ ఆ నేలను తాకినది. పైగా ఆయన తన కావ్యాన్ని రాజులకు కాక శ్రీరామునికి అంకితం చేశాడు. శిథిలమైన భాగాలను పూరించిన గంగన, సింగన, నారయలు కూడా తాము రాసిన స్కంధాలకు తమ పేర్లే పెట్టుకున్నారు. తమ మాటను పోతన మాటగా చలామణి చేయలేదు. నేనో, నా మాటను పురాణం మాటగా చలామణి చేశాను. నా కథ కింద నేల లేదు. ఉన్న నేలలోని వేళ్లను, అంటే రాళ్లు తోలిన ఆ రైతును, దారిలో ప్రాణం విడిచిన ఆ మూగజీవాన్ని, అది పెకలించివేసినది. కల్పనకు పరీక్ష ఇదేనని నాకు తోచినది. సత్యాన్ని మోసే కల్పన కావ్యం. సత్యాన్ని తుడిచే కల్పన అనృతం.

తరువాతి ఏకాదశినాడు సభలో నిలబడి ఆ మహర్షి నా కల్పన అని ఒప్పుకున్నాను. కాళ్లు వణికాయి. మిగిలిన ప్రతులను పంచవద్దని కోరాను. పెద్దమనిషి నొచ్చుకున్నారు, మరల రాలేదు. గోపురం పునాది వద్దనే ఆగినది, నేటికీ అలాగే ఉన్నది. "అయ్యగారు నోరు మూసుకుని ఉంటే గుడి బాగుపడేది" అన్నవారున్నారు. వారి మాటలోనూ బాధ ఉన్నది, కాదనలేను. ఆ మొండి పునాదిని దాటి ప్రతి ఉషఃకాలం గర్భగుడికి వెళుతున్నాను. దానిని చూసినప్పుడు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఆ వారంలోనే ముసలమ్మ ఇంటికి వెళ్లి, అరుగు మీద కూర్చుని, "అమ్మా, మీ తాత ముచ్చట మొదటినుండి చెప్పండి" అన్నాను. ఆమె చెప్పినది. ఆమె చెప్పిన పేర్లను పట్టుకుని మరొక ఇంటికి వెళ్లాను. సున్నం గానుగ తిప్పిన కుటుంబమేదో, ధ్వజస్తంభానికి మాను ఎవరి పొలం నుండి వచ్చినదో, కరువులో ప్రతి ఇల్లు ఎన్ని పిడికెళ్ల జొన్నలు కూలివారికి ఇచ్చినదో మెల్లగా తెలుస్తున్నది. ఒకరి మాటకు మరొకరి మాట కుదరనిచోట ఇద్దరి మాటలూ రాసుకుంటున్నాను. ఇప్పటికి మూడు నోటుపుస్తకాలు నిండాయి. పూర్వం తెలంగాణలో తెలుగు కవులు లేరన్న నింద వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డిగారు కోపంతో వ్యర్థవాదం చేయలేదు, లేని గొప్పను కల్పించలేదు. 354 మంది కవులను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించారు. ఉన్నదానిని వెదికి చూపడం కంటే బలమైన రచన లేదని ఆ గ్రంథం నాకు నేర్పినది.

ఇక ఆ యువకునికి నా సమాధానం. నాయనా, అన్నీ ఎవరో చెప్పినవే అనిపిస్తున్నదన్నావు. అది లోపం కాదు. వ్యాసుడు కూడా నారదుని వద్ద విన్నదానినే సమాధిలో దర్శించి రాశాడు. కథ కోసం ముందు చెవిని సిద్ధం చేసుకో. నీ ఇంటి పెద్దల వద్ద కూర్చో, నీవు ఉంటున్న నేల మీద నీకంటె ముందు ఎవరు దున్నారో అడుగు. రాసినదానిని చప్పట్లు కొట్టేవారికి కాక, ఆ విషయం ఎరిగినవారికి ముందుగా చదివి వినిపించు. వారిలో ఒక్కరైనా "మరి మా ముచ్చట ఏమాయె?" అని అడిగితే కలం ఆపి విను. కల్పించు, కాని ఎవరినీ తుడిచివేయకు. రాస్తున్నది దేని కొరకో ప్రతిదినం నిన్ను నీవు ప్రశ్నించుకో. యాభై దాటాక నేను నేర్చుకున్నది ఇంతే.

ముసలమ్మ ఇప్పటికీ శనివారం దీపం పెట్టడానికి వస్తుంది. ప్రదక్షిణం ముగించి, "అయ్యగారూ, బుక్కు యాడిదాంక వచ్చింది?" అని అడుగుతుంది. "ఇంకా వింటున్నానమ్మా" అంటాను. "ఎద్దు ముచ్చట రాసిన్రా?" అంటుంది. రాశాను. మొదటి పుటలోనే రాశాను.

సర్వం శ్రీరామచంద్రార్పణమస్తు.