రెండు రకాల నురగ

మా ఊరివాళ్లు కుంకుడుకాయలు ఏరి జీసీసీ వారికి అమ్ముదురు. ఈ సంస్థ గిరిజనుల కొరకు 1956లో స్థాపించబడినది. ప్రధాన కార్యాలయం విశాఖపట్నం. మా అమ్మ బస్తా అంతా అమ్మేస్తాది. ఆ డబ్బులతోనే షాంపూ ప్యాకెట్ల దండ కొని తెస్తాది. అమ్మమ్మకి కోపం. అందుకని ముందే రెండు గుప్పిళ్లు తీసి చాట కింద దాస్తాది.

తయారుచేయు విధానం: పది కాయలు రాతిమీద కొట్టి గింజలు తీసెయ్యాలి. (గింజలు పారెయ్యొద్దు, చిన్నపిల్లలు ఆడుకుంటారు.) తొక్కలు రాత్రి వేడినీళ్లలో నానబెట్టాలి. పొద్దున్న బాగా పిసికి పాతగుడ్డలో వడకట్టాలి. పప్పుగుత్తితో తిప్పితే కుండ పైదాకా నురగ వస్తాది. కళ్లు మాత్రం గట్టిగా మూసుకోవాలి, మంట అంతా ఇంతా కాదు.

సైన్సు టీచరుగారు తినే సోడాలో నిమ్మరసం పిండి చూపించారు. బుస్సుమని పొంగింది. మండుతున్న అగ్గిపుల్ల అందులో పెడితే ఆరిపోయింది. అది కార్బన్ డయాక్సైడ్. పట్నాల్లో సోడా, నిమ్మఉప్పు కలిపి ఉండలు చేసి స్నానం నీళ్లలో వేసుకుంటారట! కుంకుడు నురగలో ఆ వాయువు లేదు, ఉన్నది మామూలు గాలే. కాయలోని సపోనిన్ ఆ గాలిని బుడగల్లో పట్టి ఉంచుతాది. మురికి వదిలించేదీ అదే. సోడా నురగ చూస్తుండగానే పోయింది. అమ్మమ్మ కుండలోది నేను జడ విప్పి చిక్కు తీసుకునేదాకా ఉంటాది.

ఇది అమ్మకి చెప్పాను. "నురగ సంగతి నాకెందుకే, బస్తా తూకం తగ్గితే డబ్బులు తగ్గవా?" అంది. అదీ నిజమే. ఈసారి సెలవులకి వెళ్లి నేనే ఒక బుట్ట వేరుగా ఏరి హాస్టల్‌కి తెస్తాను. మా గదిలో పదకొండు మందిమి. పేలు ఉన్నవాళ్లు ముందు.