సింకు కింద తిరగలి

అమెరికాలో కొత్తగా కాపురం పెట్టిన తెలుగమ్మాయిని వంటింట్లో భయపెట్టేవి రెండు. ఒకటి, ఎండుమిరపకాయ పోపు వేయగానే ఇల్లంతా దద్దరిల్లేలా కూసే పొగ అలారం. రెండోది, సింకు గొంతులో నల్ల రబ్బరు రేకుల వెనక నక్కి కూర్చునే గార్బేజ్ డిస్పోజల్. దాని స్విచ్చు చాలా ఇళ్లలో లైటు స్విచ్చు పక్కనే ఉంటుంది. లైటనుకుని నొక్కామా, సింకులోంచి పులి గాండ్రించినట్టు చప్పుడు! గుండె జారి చేతిలో గిన్నె కింద పడుతుంది.

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట చెప్పాలి. మనకక్కడ సింకులో జాలీ ఉంటుంది, మెతుకులు దానిలో ఆగితే తీసి చెత్తబుట్టలో వేస్తాం. ఇక్కడ ఆ జాలీ చోట మోటారు ఉంటుంది. పళ్లెంలో మిగిలిన నాలుగు మెతుకులూ కూరముక్కలూ లోపలికి తోసి, కుళాయి తిప్పి, స్విచ్చు నొక్కితే నలిగి నీళ్లతో పాటు డ్రైనేజీలోకి పోతాయి. 1927లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని రేసీన్ అనే ఊళ్లో జాన్ హామెస్ అనే ఆర్కిటెక్టు దీన్ని తయారుచేశాడు. అన్ని ఊళ్లూ వెంటనే ఒప్పుకోలేదు లెండి. న్యూయార్క్ నగరంలో చాలా భాగంలో 1997 దాకా ఇళ్లల్లో దీన్ని పెట్టుకోనిచ్చేవారు కాదు.

చాలామంది లోపల మిక్సీ బ్లేడ్లలాంటివి ఉంటాయనుకుంటారు. ఉండవు. అడుగున ఒక గుండ్రటి పళ్లెం గిర్రున తిరుగుతుంది. దానిమీద రెండు ఇనప ముక్కలుంటాయి. అవి పడినదాన్ని అంచుకి విసిరికొడతాయి. చుట్టూ గరుకైన వలయం ఉంటుంది, దానికి రుద్దుకుని పదార్థం నలుగుతుంది. ఇంత వివరం ఎందుకంటే, ఈ యంత్రం గుట్టు మా ఇంట్లో అందరికంటే ముందు పట్టుకున్నది మా అత్తయ్య.

అత్తయ్యది అమలాపురం దగ్గర పల్లెటూరు. మామయ్యగారు ఉన్నన్నాళ్లూ కొబ్బరితోటనీ గేదెనీ వదిలి రామనేవారు. ఆయన సంవత్సరీకం అయ్యాక మా ఆయన వెళ్లి తీసుకొచ్చారు. వచ్చిన మొదటి నెలంతా ఆవిడ సోఫాలో ఓ మూల కూర్చుని కిటికీలోంచి రోడ్డుకేసి చూసేవారు. పలకరిస్తే ఒక్క మాట, పెడితే రెండు ముద్దలు. రాత్రిళ్లు ఆవిడ గదిలో దీపం ఆరేది కాదు.

ఒకరోజు పొద్దున్న వంటింట్లోంచి ఇంగువ వాసన వచ్చింది. వెళ్లి చూస్తే కొంగు బొడ్లో దోపుకుని మునక్కాయ పులుసు పెడుతున్నారు. "మీ మామయ్యకి ఇష్టం కదమ్మాయ్, చెయ్యి మరిచిపోతుందేమోనని" అన్నారు. ఆరోజు పిల్లలిద్దరూ మారు వడ్డించుకున్నారు. అక్కణ్ణించి వంటిల్లు ఆవిడదైంది. పప్పుల డబ్బాలు ఆవిడకి వీలుగా కిందికి దిగాయి. కూనిరాగాలు కూడా వినిపించాయి. నేను అడ్డు చెప్పలేదు. మనిషి మళ్లీ మనిషి అవుతుంటే పోపుడబ్బా ఎక్కడుంటే ఏం?

ఒక ఆదివారం రాత్రి భోజనాలయ్యాక సింకు నిండిపోయింది. స్విచ్చు వేస్తే యంత్రం తిరగట్లేదు, "గుయ్" మంటోంది. నమిలిన మునక్కాయ పిప్పి, చింతపండు పిసికిన పిప్పి, పట్టెడన్నం, అన్నీ దాని నోట్లో వేశారు అత్తయ్య. మా ఆయన మర్నాటి ఆఫీసు పని గాభరాలో ఉన్నారు. చేతులు కడుక్కోవడానికి వచ్చి ఆ నీళ్లు చూసి, "అమ్మా, తెలియనివాటి జోలికి వెళ్లకు. నీకేం కావాలన్నా తను చేసిపెడుతుందిగా" అన్నారు.

గొంతు పెంచలేదు. విసుక్కోనూ లేదు. కానీ అత్తయ్య తడిచేతులు కొంగుకి తుడుచుకుని మాట్లాడకుండా గదిలోకి వెళ్లిపోయారు. మర్నాడు పొద్దున్న నేను స్టవ్ దగ్గరుంటే గుమ్మం అవతల నిలబడి, "అమ్మాయ్, కాసిని మంచినీళ్లిస్తావా?" అని అడిగారు. ఏ అరలో ఏ డబ్బా ఉందో నాకంటే బాగా తెలిసిన మనిషి, గ్లాసు నీళ్లకి గుమ్మం దగ్గర ఆగిపోయారు. తర్వాత వెళ్లి మళ్లీ ఆ సోఫా మూలనే కూర్చున్నారు. ఆ సింకు బాగవకపోతే ప్లంబర్ వస్తాడు, డబ్బు పోతుంది, అంతే. ఈవిడ మళ్లీ ఆ కిటికీకే అతుక్కుపోతే తీసుకురావడం ఎవరివల్లవుతుంది?

పిల్లలు బడికీ ఆయన ఆఫీసుకీ వెళ్లాక, "అత్తయ్యా, ఒక చెయ్యి సాయం పడతారా? ఒక్కదాన్నీ చేయలేను" అన్నాను. సాయమన్న మాటకి ఆవిడ కాదనలేరు. నాకీ పని కొత్త కాదు. మేం మొదట ఉన్న అపార్ట్‌మెంటులో మరమ్మతులకొచ్చే పెద్దాయన చేస్తుంటే పక్కన నిలబడి నేర్చుకున్నాను.

ముందు సింకు కింద ప్లగ్గు పీకేశాను. ప్లగ్గు అందని ఇళ్లలో బ్రేకర్ ఆపాలి. స్విచ్చు ఆపితే చాలనుకుని చెయ్యి మాత్రం లోపల పెట్టకండి. ఎప్పుడూ పెట్టకూడదు. నీళ్లు మగ్గుతో బకెట్లోకి తోడాం. అత్తయ్య ఫోను లైటు పట్టుకుంటే, నేను పొడుగాటి పట్టకారతో పిప్పి పీకాను. జడపాయలా చుట్టుకుని, ఎంత లాగినా వస్తూనే ఉంది.

యంత్రం "గుయ్" మంటే మోటారు బాగానే ఉంది, లోపల ఏదో ఇరుక్కుందని అర్థం. అసలు చప్పుడే లేకపోతే వేడెక్కి తనంతట తాను ఆగిపోయిందని. ఇరుక్కుంటే తిప్పడానికి యంత్రం అడుగున మధ్యలో ఆరు పలకల చిన్న రంధ్రం ఉంటుంది. దానికి సరిపడే వంకర తాళంచెవిలాంటిది యంత్రంతోనే ఇస్తారు. చాలావాటికి పావు అంగుళం ఎలెన్ కీ సరిపోతుంది. నేను కింద కూర్చుని దాన్ని పెట్టి బలంగా తిప్పుతున్నాను, కదలట్లేదు.

అత్తయ్య పీట లాక్కుని పక్కన కూర్చున్నారు. లోపలేముందో అడిగారు. చెప్పాను, పళ్లెం తిరుగుతుందనీ, అంచున నలుగుతుందనీ. "ఓసి, ఇది తిరగలేనటే!" అన్నారు. "మరి అలా ముందుకే తోస్తావేం? తిరగల్లో బెడ్డ ఇరుక్కుంటే వెనక్కి తిప్పాలి. బలవంతాన ముందుకి లాగితే పిడి ఊడొస్తుంది. ఇలా ఇయ్యి."

కీ నా చేతిలోంచి తీసుకుని కాస్త వెనక్కి, కాస్త ముందుకి, మళ్లీ వెనక్కి తిప్పారు. అరవై ఎనిమిదేళ్ల చెయ్యి. ఎన్ని బస్తాల పెసలు విసిరిందో ఆ చెయ్యి! టక్కుమంది. పళ్లెం చుట్టూ తిరిగింది. పైనుంచి లైటు వేసి పట్టకారతో తీస్తే ఏముంది? ఒక చింతగింజ. గింజల్లేని చింతపండని ప్యాకెట్టు మీద రాసి మరీ అమ్మారు!

అడుగున ఉండే ఎర్ర బొత్తాం లోపలికి నొక్కి, ప్లగ్గు పెట్టి, చన్నీళ్లు వదిలి స్విచ్చు వేశాను. యంత్రం తిరిగింది. నీళ్లు మాత్రం పోవట్లేదు. పక్క సింకు రంధ్రంలో తడిగుడ్డ కుక్కి ప్లంజర్‌తో నొక్కి చూశాం, లాభం లేదు. మళ్లీ ప్లగ్గు తీసి, వంపు తిరిగిన గొట్టం కింద బకెట్ పెట్టి, దాని రెండు మరలూ చేత్తో విప్పాను. గొట్టం నిండా తెల్లటి జిగురు. అత్తయ్య వేలితో తాకి, "ఇది గంజమ్మాయ్" అన్నారు. అవును, అన్నమే. మెత్తగా నలిగి, నీళ్లు పీల్చి ఉబ్బి, గొట్టానికి బిరడా అయి కూర్చుంది. కడిగి బిగించాక నీళ్లు గడగడమంటూ దిగిపోయాయి. మందు పొడులు పోయకపోవడమే మేలైంది. అవి పోసి ఉంటే ఆ గొట్టం విప్పేటప్పుడు చేతులు కాలేవి.

చేతులు కడుక్కుంటూ అత్తయ్య అన్నారు: "కుడితిలో వేస్తే మన గేదె పనికొచ్చేది తిని, అక్కర్లేంది తొట్టి అడుగున వదిలేసేది. దీనికి ఆ తెలివి లేదే పాపం. మనమే చూసి పెట్టాలి."

ఈ యంత్రం వాడకం గురించి ఇంతకంటే బాగా నేను చెప్పలేను. అయినా మన వంటలకి సరిపడేలా మేమిద్దరం కూర్చుని కొన్ని లెక్కలు వేసుకున్నాం. పీచున్నవేవీ వద్దు: మునక్కాయ పిప్పి, గోంగూర, తోటకూర కాడలు, కరివేపాకు రెబ్బలు, అరటితొక్క, కొబ్బరి పీచు, ఉల్లిపొట్టు. ఉబ్బేవి వద్దు: అన్నం, ఉప్మా, అట్ల పిండి, బంగాళాదుంప తొక్కలు. గట్టివి వద్దు: చింతగింజ, మామిడి టెంక. నెయ్యి, నూనె అసలే వద్దు, లోపలికి వెళ్లి పేరుకుంటాయి. పళ్లెం కడిగితే రాలే నాలుగు మెతుకులూ, మెత్తటి కూరముక్కలూ పర్వాలేదు. ముందు చన్నీళ్లు, తర్వాత స్విచ్చు, చప్పుడు తేలికయ్యాక కూడా కాసేపు నీళ్లు. వారానికోసారి గుప్పెడు ఐసుముక్కలూ కాస్త రాళ్లుప్పూ వేసి తిప్పి, చివర్లో నిమ్మతొక్క వేస్తే వాసన పోతుంది.

మిగిలినవాటికి సింకు పక్కన అత్తయ్య ఒక స్టీలు గిన్నె పెట్టారు. దాని పేరు కుడితి గిన్నె. తొక్కలూ ఆకులూ సాయంత్రం పెరట్లో కరివేపాకు మొక్క పక్కన గుంటలోకి పోతాయి. పార్కులో నడవడానికి వెళ్లినప్పుడు, పిల్లల దగ్గరికి కొత్తగా వచ్చిన గుంటూరావిడ సింకంటే భయమందట. "భయమెందుకు వదినా, అది తిరగలే" అని ఈవిడ బెంచీ మీద కూర్చుని అరగంట పాఠం చెప్పొచ్చారు.

మా ఆయనకి చింతగింజ సంగతి నేను చెప్పాను, గుమ్మం దగ్గర మంచినీళ్ల సంగతి కూడా చెప్పాను. ఏమీ అనలేదు. ఆ వారాంతం మళ్లీ మునక్కాయ పులుసే. తిన్న కంచం పట్టుకుని సింకు దగ్గరికెళ్లి, తెలిసి కూడా, "అమ్మా, ఈ పిప్పి ఎందులో వెయ్యను?" అని అడిగారు. అత్తయ్య వెనక్కి తిరక్కుండానే గరిటతో గిన్నెకేసి చూపించారు.